లిఫ్టన్న పొట్ట, పద్నాలుగు అంగుళాల కన్నం

మా లిఫ్టన్న గొంతు సవరించుకున్నాడంటే నేను స్టవ్ మంట తగ్గించేస్తాను. ఆయన కథ ఎత్తుకున్నాక బెంచీ మీద వాళ్ళు ఇక లేవరు, ఇంకో టీ అడగరు, చేతిలో ఉన్నది చల్లారిపోయినా చూసుకోరు. మా టీ కొట్టు ఒక తొమ్మిదంతస్తుల భవనం కింద, మెట్లకీ లిఫ్టుకీ మధ్య మూలలో ఉంది. ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ, లిఫ్టు కోసం చూసి చూసి విసుగెత్తినవాళ్ళూ అందరూ నా దగ్గర ఆగాల్సిందే.

లిఫ్టన్న లిఫ్టులు బాగుచేసే కంపెనీలో మెకానిక్కు. ఒకప్పుడు అక్కడ ఆయనే పెద్ద మెకానిక్కు. తర్వాత ఆయనకన్నా ఆయన పొట్ట పెద్దదైపోయింది. లిఫ్టు పెట్టె పైకప్పుకి ఒక మూత ఉంటుంది. పైకెక్కి తాళ్ళూ చక్రాలూ చూడాలంటే ఆ కన్నంలోంచే దూరాలి. అటు పద్నాలుగు అంగుళాలు, ఇటు పద్నాలుగు అంగుళాలు. అందులో పట్టనివాడికి ఆ కంపెనీలో పనిముట్ల సంచీ ఇవ్వరు, ఫోను ఇస్తారు. మూడేళ్ళుగా మా లిఫ్టన్నకి ఆఫీసులో కూర్చుని "మా వాళ్ళు బయల్దేరారండీ, దార్లో ఉన్నారండీ" అని జనానికి ఫోనులో చెప్పడమే పని. మళ్ళీ సంచీ భుజాన వేసుకుని లిఫ్టుల్లోకి వెళ్ళాలని ఆయన కోరిక. అందుకోసమే ఏడాదిన్నరలో నలభై కిలోలు తగ్గాడు. అది మాత్రం కోత కాదు, మేమందరం కళ్ళారా చూశాం.

ఆ పొద్దున పదింటికే వచ్చి బెంచీ నడిమధ్యలో కూర్చున్నాడు. ఒకపక్క రెండో అంతస్తులో సెలూను నడిపే తమ్ముడు, ఇంకోపక్క రిటైరైన లెక్కల మాస్టారు. మాస్టారు వారానికి మూడుసార్లు పైన పళ్ళ డాక్టరు దగ్గరికని బయల్దేరి, ధైర్యం చాలక నా దగ్గర ఆగిపోతారు.

"నలభై కిలోలు తగ్గావు కదయ్యా, ఇంకా పొద్దున్నే మెట్ల మీద ఆ చెమటలు కక్కడం ఏమిటి?" అని ఆయనే కదిపారు.

"ఏం లేదు మాస్టారూ, కాస్త వ్యాయామం, అంతే," అన్నాడు లిఫ్టన్న. ఆయన కథలన్నీ 'ఏం లేదు' తోనే మొదలవుతాయి. నేను మంట తగ్గించాను.

"బరువు తగ్గడం వేరు, సన్నబడటం వేరు మాస్టారూ. బరువంటారా, నోరు కట్టుకుంటే పోతుంది. మా ఆవిడ నా కంచం చేతిలోకి తీసుకుంది, నేను కాదనలేదు, నూట పద్దెనిమిది నుంచి డెబ్భై ఎనిమిదికి దిగాను. మా కంచం అడుగున పువ్వు బొమ్మ ఉంటుందని పెళ్ళయిన ఇరవై ఏళ్ళకి మొదటిసారి చూశాను. అంతా బాగానే ఉంది గానీ, ఈ పొట్ట ఉంది చూశారూ, ఇది ఇల్లు ఖాళీ చెయ్యమంటే చెయ్యని అద్దెవాళ్ళ బాపతు. కొవ్వు సామాను సర్దుకుని వెళ్ళిపోయింది, తోలు మాత్రం గుమ్మంలో చతికిలబడింది. అప్పుడు మా వదిన, అంటే మా ఆవిడ అక్కగారు, ఆడపిల్లల బళ్ళో వ్యాయామం టీచరు, ఆవిడొచ్చి నన్ను ఎగాదిగా చూసి, 'మరిదిగారూ, మీరు తగ్గారు గానీ బిగుసుకోలేదు, రేపట్నుంచి నా చేతికి రండి' అంది. ఆవిడ చేతికి వెళ్ళడమంటే మాటలా? ఆవిడ ఈల వేస్తే బళ్ళో పిల్లలే కాదు, రోడ్డు మీద బస్సులు కూడా వరసలో నిలబడతాయి."

"అయినా ఆ మూతలో దూరడానికి ఇంత అవస్థ ఎందుకన్నా? ఇదివరకు నువ్వే కదా, ఈ లిఫ్టులోనే ఇరుక్కున్నది," అన్నాడు సెలూను తమ్ముడు.

"ఇరుక్కోవడం కాదు తమ్ముడూ! ఆ రోజు పైన తాడు జారబోతోంది. నేను చూసి, మూతలోకి నడుం దాకా దూరి, నా ఒంటితో అడ్డం పడి లిఫ్టుని ఆపాను. నలభై నిమిషాలు! ఇంకోడైతే వదిలేసేవాడు."

తాడేం జారలేదు. ఆయన నడుం దాకా పైకి దూరి అక్కడ ఆగిపోయాడు, అంతే. కాళ్ళు కిందకి వేలాడుతుంటే ఒక కాలు నేనూ, ఒక కాలు వాళ్ళ బావమరిదీ పట్టుకుని, వంటనూనె రాసి లాగాం. భవనంలో ఉన్నవాళ్ళందరూ ఒకరి తర్వాత ఒకరు వచ్చి చూసి వెళ్ళారు. ఆ నలభై నిమిషాలూ ఆయన పైనుంచి జోకులేస్తూనే ఉన్నాడు. కిందకి దిగాక మాత్రం ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళిపోయాడు. మర్నాడు ఫోను దగ్గర కూర్చోబెట్టారు. ఆ సంగతి బెంచీ మీద అందరికీ తెలుసు కాబట్టి ఎవరం ఏమీ అనలేదు.

"సరే, మెట్లు," అన్నాడు లిఫ్టన్న. "మొదటిరోజు మూడో అంతస్తు దాకా ఎక్కాను, కళ్ళు బైర్లు కమ్మాయి. వారం తిరిగేసరికి తొమ్మిది ఎక్కాను. రెండో వారానికి పాలవాడు వచ్చేలోపు పదిసార్లు ఎక్కి దిగేవాణ్ణి. ఆ తర్వాత లెక్కపెట్టడం మానేశాను, ఎందుకంటే అంకెలు నోటికి వచ్చేలోపు అంతస్తులు అయిపోతున్నాయి. ఒకరోజు ఏమైందో తెలుసా? ఆరో అంతస్తు మలుపులో ఎవరో ఎదురొచ్చి గుద్దుకోబోయారు. 'చూసుకుని నడవండి' అని కసిరాను. తలెత్తి చూస్తే ఎవరనుకున్నారు? నేనే! పైకెక్కుతున్న నేను, కిందకి దిగుతున్న నాకు ఎదురొచ్చాను."

"పలకరించావా మరి?" అన్నారు మాస్టారు.

"ఎక్కడ మాస్టారూ, ఇద్దరం తొందరలో ఉన్నాం."

సెలూను తమ్ముడి నోట్లో టీ ముక్కులోంచి వచ్చింది. వాడికి గుడ్డ అందించాను.

"నవ్వండి, నవ్వండి. నా బరువంటే మా కంపెనీలో ఎంత గౌరవమో మీకేం తెలుసు? లిఫ్టులో ఓవర్‌లోడు గంట ఉంటుంది కదా, జనం ఎక్కువైతే కొడుతుందే, దాన్ని ఏడాదికోసారి సరిచెయ్యాలి. అందుకు మా దగ్గర ఇనుప దిమ్మలుంటాయి, లిఫ్టు మొయ్యగలిగినంత బరువు లోపల పేర్చి, గంట అక్కడ కొట్టేలా బిగిస్తాం. ఒక్కో దిమ్మ ఇరవై కిలోలు. వాటిని మోసేదెవడు? నేనున్నాగా! ఫోను దగ్గర కూర్చున్నా సరే, ఆ రోజు మాత్రం నాకు కబురొచ్చేది. 'అన్నా, వచ్చి నిలబడు' అనేవాళ్ళు. నేనంటే ఆరు దిమ్మల లెక్క. రెండు కిలోలు తక్కువైతే జేబులో రెండు పానాలు పెట్టుకునేవాణ్ణి. ప్రభుత్వం ముద్రేసిన తూకంరాయిని అనుమానిస్తారేమో గానీ, నన్ను అనుమానించిన మెకానిక్కు లేడు."

మాస్టారు గ్లాసు కింద పెట్టారు. లెక్క ఎక్కడైనా తేడా కొడితే ఆయనకి టీ దిగదు. "ఈ లిఫ్టుకి చివరిసారి ఎప్పుడు సరిచేశారు?"

"నాలుగు నెలల కిందట. నేనే నిలబడ్డాను."

"అప్పటికి నువ్వెంత?"

"ఎనభై. ఉంటే ఎనభై ఒకటి."

"వాళ్ళేమని రాసుకున్నారు?"

"ఆరు దిమ్మలు అనే రాసుకున్నారు, అలవాటు కదా. నేనూ ఏమీ అనలేదు. మన పరువు మనం తీసుకుంటామా?"

మాస్టారు వేళ్ళు మడిచారు. "అంటే ఈ గంట నలభై కిలోలు ముందే కొడుతోందన్నమాట."

సెలూను తమ్ముడు బెంచీ మీంచి లేచి నిలబడిపోయాడు. "అన్నా! అందుకా? నేను ఎక్కగానే గంట కొడుతోందని, అందరూ నా పొట్టకేసి చూస్తున్నారని, నాలుగు నెలల్నుంచి రాత్రి భోజనం మానేశాను! మా ఆవిడ నామీద అలిగి పుట్టింటికి వెళ్ళి వచ్చింది కూడా!"

నా కొట్లో బన్ను నేను ముట్టుకోక నాలుగు నెలలైంది. ఆ మాట వాళ్ళకి చెప్పాల్సిన అవసరం నాకు కనబడలేదు, వెనక్కి తిరిగి ఒక బన్ను మాత్రం తీసుకున్నాను.

ఇంకెవరైనా అయితే ఇక్కడ తలదించుకునేవాళ్ళు. లిఫ్టన్న కాలరు ఎగరేశాడు. "అదీ నా వ్యాయామం మహిమ! నేనొక్కణ్ణి చేస్తే భవనం మొత్తం సన్నబడింది. ఆరో అంతస్తు ప్లీడరు గారు ఎంత తగ్గారంటే, చేతి వాచీ విప్పి నడుముకి పెట్టుకుంటున్నారు. టైము ఎంతని అడిగితే ఆయన బొడ్డుకేసి చూసుకుంటారు. నాకు దణ్ణం పెట్టాల్సింది పోయి నన్నంటారేం?"

"కానియ్, కానియ్," అన్నారు మాస్టారు.

"మెట్లయ్యాక దండీలు. డాబా మీద మొదలుపెట్టాను. కింద తొమ్మిదో అంతస్తులో ఆడపిల్లలకి కుట్టుపని నేర్పుతారు కదా. నేను ఒక దండీ తీసినప్పుడల్లా భవనం అదిరి, కింద కుట్టు మిషన్లు వాటంతటవే ఒక్కో కుట్టు వేసేవి. మూడు వందల దండీలు తీసేసరికి ఒక గౌను తయారైంది. చేతులు, మెడ, కుచ్చిళ్ళు అన్నీ కుదిరాయి. టీచరమ్మ పైకొచ్చి, 'అన్నగారూ, ఇంకో యాభై తియ్యండి, జేబు మిగిలిపోయింది' అంది."

"తీశావా?" అన్నాను. నాకూ ఆగలేదు.

"చెల్లెల్లాంటిది అడిగితే కాదంటానా? రెండు జేబులు వేశాను. ఇక తాడాట సంగతి వినండి. బజార్లో కొన్న తాళ్ళు నా ఊపుకి రెండు రోజులు ఆగలేదు. చివరికి పాత లిఫ్టు ఉక్కు తాడు తీసుకున్నాను, నలుగురు మనుషుల బరువుంటుంది. దాన్ని తిప్పుతుంటే పెద్ద వాన. నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు, తాడు తిరిగే వేగానికి ఒక్క చుక్క నా మీద పడలేదు. మా వదిన గొడుగు మూసేసి, వచ్చి నా పక్కన నిలబడింది."

"తాడు తిరుగుతుంటే లోపలికెలా వచ్చిందయ్యా ఆవిడ?"

"వ్యాయామం టీచరండీ! ఆవిడకి అదొక లెక్కా? ఇంతలో 'ఇంకాస్త ఎత్తుకి ఎగరండి మరిదిగారూ' అంది. ఎగిరాను. ఎగరడం ఎగిరాను గానీ, ఒళ్ళు తేలికైపోయింది కదా, కిందకి రావడానికి నాకు బరువు చాల్లేదు. పక్క భవనం డాబా మీద ఒకావిడ బట్టలారేసింది. అవి ఆరాయి. మడత పెట్టుకుంది. వెళ్ళబోతూ నావైపు తిరిగి, 'బాబూ, దిగేటప్పుడు ఆ తీగ మీద మా పిల్లాడి చొక్కా ఒకటి ఉండిపోయింది, పడెయ్' అంది. నేనింకా పైనే ఉన్నాను."

మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. నవ్వి నవ్వి ఆయన కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి, పంటి నొప్పి సంగతే మర్చిపోయారు. పైన లిఫ్టు ఎక్కడో ఆగిన చప్పుడైంది. లిఫ్టన్న ఒకసారి అటు చూసి, గొంతు ఇంకా పెంచాడు.

"ఇక పొట్టంటారా, లోపలికి పోయింది. ఎంత లోపలికి పోయిందంటే, పొట్ట మీద గోక్కుంటే వీపు దురద తీరేది. నేను పక్కకి తిరిగితే మా ఆవిడ, 'ఇంతలోనే ఎక్కడికి వెళ్ళారు?' అని ఇల్లంతా వెతికేది. పెద్ద దుకాణాల్లో మనిషి రాగానే తెరుచుకునే తలుపులుంటాయి చూడండి, అవి నన్ను లెక్కచెయ్యడం మానేశాయి. ఎవరైనా వచ్చేదాకా బయట నిలబడి, వాళ్ళ వెనకాల దూరేవాణ్ణి. ఆఫీసులో ఫ్యాను రెండుకి మించి పెంచొద్దని కాగితం అంటించారు. ఒకసారి ఎవరో పెంచితే నేను మూడు చుట్లు తిరిగి, కిటికీ రెక్క పట్టుకుని ఆగాను. ఫోను మాత్రం వదల్లేదు, అవతల పార్టీకి 'దార్లో ఉన్నామండీ' అని చెబుతూనే ఉన్నాను."

"మరి పరీక్ష ఎప్పుడన్నా? మూతలోంచి దూరి చూపిస్తే సంచీ ఇస్తామన్నారు కదా?" అన్నాడు సెలూను తమ్ముడు.

లిఫ్టన్న ఒక్క క్షణం గ్లాసులోకి చూశాడు. తర్వాత తొడ మీద చరుచుకున్నాడు.

"పరీక్షా? అయిపోయింది! మొన్న సోమవారమే అయిపోయింది. అసలు కథ అదే, చెబుతా వినండి. పదకొండు గంటలకి, ఇదే లిఫ్టు. మా సూపర్‌వైజరు సారు వచ్చాడు. మనిషి పిసరంత, మాట పుల్లవిరుపు. నిచ్చెన వేయించి, 'ఎక్కవయ్యా, చూద్దాం' అన్నాడు. 'నిచ్చెన ఎందుకు సార్' అన్నాను. ఆయన కాగితం మీద నా పేరు రాయడానికి తలదించాడు. ఎత్తేసరికి నేను లేను. 'ఎక్కడున్నావయ్యా?' 'పైనున్నాను సార్!' 'పైనెక్కడ?' 'లిఫ్టు మీద సార్!' అప్పుడు సారు పైకి చూసి నోరెళ్ళబెట్టాడు. ఎందుకో తెలుసా? మూత వేసే ఉంది!"

"ఆఁ?" అన్నాం ముగ్గురం.

"వేసే ఉంది. నాలుగు మరలూ బిగించి ఉన్నాయి. నేనూ అప్పుడే చూసుకున్నాను. తొందరలో మూత తియ్యడం మర్చిపోయి పైకి వచ్చేశాను! మూతకి ఒక పక్క గాలాడటానికి నాలుగు చిల్లులుంటాయి. మూడో చిల్లులోంచి వచ్చినట్టున్నాను, మిగతావి కాస్త వదులుగా అనిపించి ఉంటాయి. సారు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. 'నీలాంటి మెకానిక్కుని ఫోను దగ్గర కూర్చోబెట్టినందుకు నన్ను క్షమించవయ్యా' అని, అక్కడికక్కడే సంచీ అందించాడు."

"ఉండుండు," అన్నారు మాస్టారు. "మూత వేసుంటే సంచీ నీకెలా అందిందయ్యా?"

లిఫ్టన్న దానికి జవాబు వెతుక్కునేలోపు ఎవరో "బావా" అన్నారు. చూస్తే వాళ్ళ బావమరిది. వాళ్ళావిడ తమ్ముడు, అదే కంపెనీలో మెకానిక్కు. ఎప్పుడొచ్చాడో ఏమో, స్తంభం పక్కన నిలబడి వింటున్నాడు. చేతులకి గ్రీజు ఉంది.

"బావా, సారు వచ్చి పావుగంటైంది. నిచ్చెన వేసేశాను, మూత కూడా తీసి పెట్టాను. ఇక రా."

"ఏం నిచ్చెన?" అన్నారు మాస్టారు.

"పరీక్షకండీ. మొన్న సోమవారం సారు రాలేదు, ఇవాళ్టికి మార్చారు. బావ మీతో చెప్పలేదా?"

స్టవ్ మీద పాలు పొంగబోతుంటే కట్టేశాను. లిఫ్టన్న ఎవరివైపూ చూడలేదు.

"చెల్లెమ్మా, ఇంకో టీ ఇవ్వు, తాగి వెళ్తాను," అన్నాడు. అప్పటికే మూడు తాగాడు.

"అన్నా, అంటే ఆ మెట్లూ, దండీలూ అన్నీ..." అని సెలూను తమ్ముడు సగంలో ఆపేశాడు.

"అవి నిజమేనండీ," అన్నాడు బావమరిది. "రోజూ మూడో అంతస్తు దాకా రెండుసార్లు ఎక్కుతాడు. నేనూ వెంట ఉంటాను. మోకాళ్ళు ఆనించి ముప్ఫై దండీలు తీస్తాడు. తాడాటలో తాడు కాళ్ళకి తగిలి పడ్డాడు, మోచెయ్యి చూడండి, ఇంకా మచ్చ ఉంది. కానీ నాలుగు నెలల్లో ఒక్కరోజు మానలేదు. జ్వరమొచ్చినా మానలేదు. వ్యాయామం నేర్పే మా పెద్దక్కే వద్దని బతిమాలుకుంది."

ఆయన గొప్పలు విని నవ్వడం నాకు అలవాటే గానీ, ఈ మాటలు విన్నాక నవ్వు రాలేదు. నాకు ఆయన మీద ఎంతో ప్రేమ పుట్టింది.

"మొన్న ఇంట్లో అట్టపెట్టెలో పద్నాలుగు అంగుళాల చదరం కోసి చూసుకున్నానురా," అన్నాడు లిఫ్టన్న మెల్లగా. "తల పట్టింది, భుజాలు ఓరగా తిప్పితే పట్టాయి. నడుం దగ్గర ఆగిపోయింది. అట్ట కాబట్టి చిరిగింది, ఇనుము చిరగదు కదా. ఇవాళ ఆగిపోతే సారు ఇంకో పరీక్ష పెట్టడు. ఇక ఫోనే నాకు. భయంగా ఉందిరా."

నేను కొట్టుకి గుడ్డ కప్పేశాను. "పదన్నా, మేమూ వస్తాం," అన్నాను.

అందరం మెట్లెక్కి, మొదటి అంతస్తులో ఆపి ఉంచిన లిఫ్టు దగ్గరికి వెళ్ళాం. తలుపులు తెరిచి ఉన్నాయి, మధ్యలో నిచ్చెన, పైన నల్లటి చదరపు కన్నం. సూపర్‌వైజరు సారు నిజంగానే పిసరంత మనిషి. మమ్మల్ని చూసి, "వీళ్ళంతా ఎవరు?" అన్నాడు. "సాక్షులు సార్," అన్నారు మాస్టారు. లిఫ్టన్న నిచ్చెనెక్కాడు. చేతులు ముందు పోయాయి, తర్వాత తల, తర్వాత భుజాలు ఓరగా తిరిగి పోయాయి. నడుం దగ్గర ఆగింది.

ఆగగానే ఆయన మాట్లాడటం మొదలుపెట్టాడు. "సార్, ఇది పద్నాలుగు కాదండీ, కొత్త మూత చిన్నది బిగించినట్టున్నారు. నా రోజుల్లో ఇందులోంచి ఒక చేత్తో మోటారు పట్టుకుని ఎక్కేవాణ్ణి. ఒకసారి ఏమైందో తెలుసా సార్..." కిందేమో కాళ్ళు నిచ్చెన కోసం తడుముకుంటున్నాయి. మూడేళ్ళ కిందట నేను పట్టుకున్న కాళ్ళవి. సారు చేతిలో కలం కాగితం మీదికి పోతోంది.

మాస్టారు ఆ నడుం వంకే చూస్తున్నారు. "మాట మాటకీ ఊపిరి పీలుస్తున్నాడయ్యా. పీల్చినప్పుడల్లా పొట్ట ఉబ్బుతోంది. కాసేపు ఊరుకోమను," అన్నారు.

బావమరిది నిచ్చెన మీదకి రెండు మెట్లెక్కాడు. "బావా, నా మాట విను. ఒక్క అరనిమిషం మాట్లాడకు. లోపలున్న ఊపిరంతా వదిలెయ్. పెద్దక్క చెప్పింది గుర్తుందా, పొట్ట వెన్నుకి అంటాలి."

పైన మాట ఆగిపోయింది. నేను ఆయన్ని ఎరిగి పన్నెండేళ్ళైంది, మేలుకుని ఉండగా ఆయన అంతసేపు ఊరుకోవడం నేను చూడలేదు. బుస్సుమని ఊపిరి వదిలిన చప్పుడు వినబడింది. ఇనుముకి గుడ్డ రాసుకుంది, ఎక్కడో ఏదో పిగిలింది, నడుం అంగుళం అంగుళం పైకి జరిగింది. తర్వాత ఎడమకాలు పోయింది. తర్వాత కుడికాలు కూడా పోయింది. కన్నం ఖాళీగా కనబడింది.

సెలూను తమ్ముడు గట్టిగా చప్పట్లు కొట్టాడు. నేనూ కొట్టాను. సారు కాగితం మీద ఏదో రాసి, పైకి తలెత్తి, "రేపు ఎనిమిదింటికి సంచీ తీసుకుని పనిలోకి వచ్చెయ్. ఫోనుకి ఇంకెవర్నైనా చూసుకుంటాం," అని వెళ్ళిపోయాడు.

"బావా?" అన్నాడు బావమరిది. పైనుంచి ముక్కు చీదిన చప్పుడు వినబడింది. ఏడుస్తున్నాడని మాకందరికీ తెలిసింది. మాస్టారు కళ్ళద్దాలు మళ్ళీ తీశారు. అందరం కన్నం కేసి చూస్తూ నిలబడ్డాం.

చివరికి ఆ చీకట్లోంచి గొంతు మోగింది. "చూశారా మాస్టారూ! ఒంటికి ఎక్కడా తగల్లేదు! నాలుగు పక్కలా నాలుగేసి అంగుళాలు ఖాళీ మిగిలిపోయింది!"

బావమరిది వంగి, లిఫ్టు నేల మీద నుంచి ఒక్కొక్కటే ఏరాడు.

"అవును బావా. ఇక్కడ కింద నీ చొక్కావి మూడు గుండీలూ, ప్యాంటు హుక్కూ కూడా మిగిలిపోయాయి. దిగేటప్పుడు ఒక చేత్తో పట్టుకుని దిగు, టీ కొట్టు అక్క ఇక్కడే ఉంది."